శంఖ మూది చెవిటివారిని చేయుట

“చెవిటివాని ముందు శంఖ మూదినట్లు” అను సామెతను మనవారు వ్యర్థప్రయాసమును సూచించుటకు వాడుదురు. అందు చెవిటివాడు ముందుగనే చెవిటివాడు. ఊదినవాని శ్రమ మాత్రమే వృథ. నేడు మన యూళ్లలోను నగరములలోను జరుగుచున్నది దీనికి తలక్రిందుగా నున్నది. చక్కగా వినగల పిల్లలను, పెద్దలను, చంటిబిడ్డల తల్లులను వీధిలో నిలువబెట్టి, వారు చెవిటివారగు నంతవరకు మనము శంఖ మూదుచున్నాము. ఊదినందులకు కూలియు మనమే యిచ్చుచున్నాము. పెండ్లి యనియు, పుట్టినదినమనియు, నిమజ్జనమనియు, విజయోత్సవమనియు దీనికి అనేక నామములు గలవు. నామమేదైనను చెవిలో జరుగు నష్టమొక్కటియే. ఆ నష్టము తిరిగి పూడునది కాదు. విద్యావంతులైన గృహస్థులు ఈ చప్పుడు చెడ్డదని యెరిగియు, సిగ్గుచేతను డంబముచేతను దానిని మానుకొనలేకున్నారని నా యభియోగము.

ఇతరుల తప్పు లెన్నుటకు ముందు నా తప్పు చెప్పుకొనుట న్యాయము. మూడేండ్ల క్రిందట మా యన్నగారి పెద్దకుమార్తె వివాహము జరిగెను. ఊరేగింపునకు డీజే కావలెనని పిల్లలు పట్టుబట్టిరి. మా యన్నగారు వలదనిరి. “ఎదురింటివారు పెట్టించిరి, మనము పెట్టింపకున్న నలుగురిలో లోకువ యగుదుము” అని చెప్పి ఆయనను ఒప్పించినవాడను నేను. బయానా సొమ్ము లెక్కించి యిచ్చినవాడను నేను. నాటి రాత్రి మనిషి యెత్తు పెట్టెలు పేర్చిన బండి యొకటి వీధిలోనికి వచ్చెను. నా పెండ్లికి సైతము వాయించిన వృద్ధుడైన సన్నాయివాడు ఒక కీర్తన సగము వాయించి, తన సన్నాయి తనకే వినబడక, దానిని గుడ్డలో చుట్టుకొని మా యరుగుపై కూర్చుండెను. అతనిని చూచియు నేను చూడనట్లు పోతిని.

అప్పటికి నా కుమారునకు పదునాఱేండ్లు. వాడు ఆ పెట్టెల యెదుట మూడుగంటలసేపు తోటివారితో గంతులు వేసెను. తెల్లవారి లేచి, “నాన్నగారూ, కుడిచెవిలో కీచురాయి కూయుచున్నది” అని చెప్పెను. నిదుర చాలక యట్లున్నదని మేము త్రోసివేసితిమి. నాలుగుదినములైనను అది మానకపోగా వైద్యునియొద్దకు తీసికొనిపోతిని. ఆయన గాజుగదిలో కూర్చుండబెట్టి పరీక్షించి, సన్నని స్వరములను వినుశక్తి కొంత పోయినదనియు, పోయినది తిరిగి రాదనియు, ఆ కూత మాత్రము తగ్గవచ్చును తగ్గకపోవచ్చుననియు చెప్పెను. అది తగ్గలేదు. నేటికిని వాడు మాఘమాసపు చలిలో సైతము పంకా తిరుగనిదే నిదురింపలేడు. ఇల్లు నిశ్శబ్దమైనకొలది చెవిలోని కీచురాయి పెద్దదగును.

అట్లేల జరిగెనో తెలిసికొనుటకు చెవి నిర్మాణమును కొంచె మెరుగవలయును. వెలుపలి ధ్వని కర్ణభేరిని కదల్చును. ఆ కదలిక మూడు చిన్న యెముకల మీదుగా లోపలి చెవికి చేరును. అచ్చట నత్తగుల్లవలె చుట్టుకొన్న చిన్న యవయవ మొకటి గలదు. దానిలోని ద్రవము కదలినప్పుడు, కొనలయందు సన్నని రోమములుగల కణములు ఊగి, ఆ యూపును నాడీసంజ్ఞగా మార్చి మెదడునకు పంపును. ఈ రోమకణములు ఒక్కొక్క చెవియందు ఇంచుమించు పదునైదువేలు మాత్రమే యుండును. పక్షులకును చేపలకును ఇవి చచ్చిన మరల మొలచును. మనుష్యున కట్లు కాదు. పుట్టినప్పుడు తెచ్చుకొన్న పదునైదువేలతోనే కడవరకు గడుపుకొనవలయును.

గాలి వీచినప్పుడు వరిపైరు వంగి మరల లేచును. పెనుగాలి రాత్రియంతయు వీచినచో వ్రాలిన పైరు రెండుమూడు దినములకు గాని లేవదు. తుపాను వచ్చినచో దుబ్బులు వేళ్లతో పెకలిపోవును. రోమకణముల గతియు నిట్టిదే. పెద్దచప్పుడు తరువాత చెవులు దిమ్మెక్కి మరునాటికి తేరుకొన్నచో, బాగైనదని మనము సంతోషింతుము. కాని యా సంతోషమునకు తావు లేదని 2009లో అమెరికాలో కుజావా, లిబర్మను అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన పరిశోధన తెలిపినది. వినికిడి పరీక్షలో చెవి యథాప్రకారముగ నున్నట్లు కనబడినను, రోమకణములను నాడితో కలుపు సంధులలో అనేకము శాశ్వతముగా తెగిపోయియుండుట వారు కనుగొనిరి.

ఇట్లు పోవునది సాధారణముగా ముందు సన్నని స్వరములను గ్రహించు భాగము. సెకనునకు నాలుగువేల కంపనముల ప్రాంతమున దెబ్బ మొదలగును. మన మాటలలో స, శ, త, క వంటి హల్లులను స్పష్టపరచునది ఆ పైస్వరములే. అందుచే చెవి చెడినవానికి అచ్చులు వినబడును, హల్లులు జారిపోవును. వాడు “శబ్దము వినబడుచున్నది గాని మాట తెలియుట లేదు” అనును. ఇంటివారు “తనకు కావలసినది మాత్రము వినును” అని నిందింతురు. చూపు పోయినవానికి చేయూత నిచ్చువారే వినికిడి పోయినవానిని జూచి నవ్వుదురు. క్రమముగా వాడు సభలకు పోవుట మానును. పిమ్మట భోజనపంక్తిలో మాటలాడుట మానును. వృద్ధాప్యమున మతి తప్పుటకు మనము నివారింపదగిన కారణములలో వినికిడి లోప మొకటియని 2017లోను, 2020లోను, 2024లోను లాన్సెట్టు వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము చెప్పుచు వచ్చినది.

ఎంతచప్పుడు ఎంతసేపు వినవచ్చును? చప్పుడును డెసిబెలులతో కొలుతురు. ఇది బియ్యము కొలుచు మానిక వంటిది కాదు. మూడు డెసిబెలులు హెచ్చినచో ధ్వనిశక్తి ఇబ్బడి యగును, పది హెచ్చినచో పదింతలగును. సామాన్యసంభాషణము 60 డెసిబెలులు. కర్మాగారములలో పనిచేయువారికి 85 డెసిబెలుల చప్పుడు దినమునకు 8 గంటలకు మించరాదని అమెరికాలోని వృత్త్యారోగ్యసంస్థ నిర్ణయించినది. ఆపై ప్రతి మూడు డెసిబెలులకును కాలము సగము చేయవలయును: 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి 1 గంట. ఇట్లు లెక్కించిన 100 డెసిబెలుల యెదుట నిలువదగినది 15 నిమిషములు. 110 అయినచో ఒకటిన్నర నిమిషము. ఊరేగింపు పెట్టెల యెదుట నూఱు దాటుట సామాన్యము. నూఱే యనుకొన్నను, నా కుమారుడు ఆ రాత్రి పండ్రెండు దినముల పాలు ఒక్కమారే అనుభవించెను. నేను బయానా యిచ్చినది దానికే.

పెద్దచప్పుడు చెవిని చెరచునను మాట క్రొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్ది యారంభముననే ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జినీ, వెనీసు నగరమున రాగి పాత్రలు కొట్టువారు సుత్తిచప్పుడునకు చెవిటివారగుదురని తన వృత్తిరోగముల గ్రంథమున వ్రాసెను. 1886లో గ్లాస్గో నగరమున థామస్ బార్ అను వైద్యుడు ఆవిరిబాయిలరులు చేయు పనివారిని వందమందిని పరీక్షించి, సరియైన వినికిడిగలవాడు వారిలో ఒక్కడును లేడని కనుగొనెను. నేడు సిరిసిల్లలో మరమగ్గముల నడుమ నిలిచి బట్ట నేయువారును, బియ్యపుమరలలో పనిచేయువారును, నాలుగుదారుల కూడలిలో కూతల నడుమ నిలుచు పోలీసు జవానులును ఆ నష్టమునే పొందుచున్నారు. వారికి చెవిబిరడా లిచ్చుట యజమానుల విధి. ఆ విధి చాలచోట్ల నెరవేరుట లేదు. అయినను వారు చెవి నిచ్చి కూడు తెచ్చుకొనుచున్నారు. మనము కూటి సొమ్ము నిచ్చి చెవుడు కొనుచున్నాము. ఇందెవరు తెలివిగలవారు?

హాని చెవితోనే నిలువదు. నిదురించువాడు మేలుకొనకున్నను వాని చెవి మేలుకొనియే యుండును. చప్పుడు విన్న దేహము అపాయము వచ్చినదని యెంచి రక్తపు పోటును, గుండె వేగమును హెచ్చించును. ఏండ్లతరబడి యిట్లు జరిగినచో హృద్రోగమునకు దారితీయునని ప్రపంచారోగ్యసంస్థ చెప్పినది. రహదారుల చప్పుడు రాత్రులయందు 45 డెసిబెలులకు మించరాదని 2018లో ఐరోపా దేశములకు ఉపదేశించినది.

పిల్లల చదువు మాట చూడుడు. న్యూయార్కు నగరమున ఒక పాఠశాల ప్రక్కనే యెత్తైన వంతెనపై రైళ్లు పోవుచుండెడివి. రైలు దారి వైపు గదులలో చదువు పిల్లలు, అదే పాఠశాలలో నిశ్శబ్దమైన వైపు కూర్చుండు పిల్లలకంటె చదువుటయందు వెనుకబడియుండిరనియు, పై తరగతి వచ్చుసరికి ఆ వెనుకబాటు ఇంచుమించు ఒక సంవత్సరము వరకు నుండెననియు 1975లో బ్రాంజాఫ్టు అను నామె నిరూపించెను. పిమ్మట పట్టాల క్రింద మెత్తలు వేసి, గదుల కప్పులకు శబ్దము పీల్చు పలకలు తగిలించిరి. 1981లో చూడగా రెండువైపుల పిల్లలును సమానముగ చదువుచుండిరి. మనవాడు మందబుద్ధియని కొట్టుటకు ముందు, వాని గది కిటికీ దేనివైపున నున్నదో చూచుకొనుట మంచిది.

ఇక మనవారు చెప్పు సమాధానములను విచారింతము. ఇది మన యాచారమని మొదట చెప్పుదురు. మన వివాహములలో గట్టిమేళ మను నొక యేర్పాటు గలదు. మంగళసూత్రధారణ సమయమున అశుభవాక్యములు చెవినిబడకుండుటకై, పెద్ద చేయెత్తినంతనే డోలు సన్నాయి యొక్కమారు విజృంభించును. ముహూర్తము దాటగానే తగ్గును. పెద్దచప్పుడునకు మన పూర్వులు కేటాయించిన కాలము కొన్ని క్షణములు. దానిని ఆరుగంటలకు పెంచి ఆచారమనుట పూర్వులపై నింద మోపుటయే. డోలును డప్పును దగ్గర నిలిచి వినిన అవియు చెవికి హెచ్చే, కాదనను. కాని వాయించువాడు మనుష్యుడు. వానికి చేయి నొచ్చును, దప్పిక యగును; కొంతసేపటికి నిలుపును. యంత్రమునకు చేయి లేదు, నొప్పి లేదు. అదిగాక ఆ యంత్రము మొట్టమొదట నోరు మూయించినది సన్నాయివానిని, డప్పువానిని.

ఒక్కనాటి వేడుకయే గదా యని రెండవ సమాధానము. మీకది యొక్కనాడు. కల్యాణమండపము ప్రక్కన నివసించువానికి ముహూర్తములున్న ప్రతిరాత్రియు నది వానియింటి వేడుకయే. బాణసంచా చెవి ప్రక్క ప్రేలినచో ఒక్కనాడు కాదు, ఒక్క క్షణమే చాలును. అలవాటు పడినవారి కేమియు కాదని మూడవ సమాధానము. చప్పుడునకు చెవి అలవాటు పడదు. చెవిలోని కణములు చచ్చినకొలది చప్పుడు తక్కువగా వినబడును. దానినే మనము అలవాటని పిలుచుకొనుచున్నాము.

మతము మాట యెత్తి మాటలాడనీయకుండుట నాలుగవది. గుడిని గూర్చి చెప్పినచో మసీదు మాటయేమని యందురు. మసీదును గూర్చి చెప్పినచో చర్చి మాటయేమని యందురు. మూడింటిని గూర్చియు నొకటే మాట. 2000వ సంవత్సరమున మద్రాసు నగరపు ప్రార్థనామందిర మొకదాని వ్యాజ్యెములో, ఇతరుల శాంతిని చెరచి ప్రార్థింపుమని యే మతమును విధింపలేదనియు, యంత్రములతోను వాద్యములతోను ప్రార్థింపుమని చెప్పలేదనియు సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. భగవంతుడు సర్వసాక్షి యని నమ్మువాడు ఆయనకు చెవుడున్నదని యెట్లు తలచుచున్నాడో నాకు బోధపడదు.

శాసనము లేదా? కలదు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెలులకు మించరాదు. ఆసుపత్రులకు, విద్యాలయములకు, న్యాయస్థానములకు చుట్టు నూఱు మీటరుల మేర నిశ్శబ్దమండలము. అచ్చట పగలు 50, రాత్రి 40. అధికారుల వ్రాతపూర్వకమైన యనుమతి లేక లౌడుస్పీకరు పెట్టరాదు. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు ఆరుబయట అసలే కూడదు. పండుగలకై ప్రభుత్వము అర్ధరాత్రివరకు సడలింపగల దినములు సంవత్సరమునకు పదునైదు మాత్రమే. 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసువారు మతసంబంధమైన యూరేగింపులలో డీజేలను నిషేధించిరి.

ఈ నియమములకు బలము చేకూర్చిన 2005 జూలై నాటి సుప్రీముకోర్టు తీర్పునకు మూలమైన సంగతి ప్రతి గృహస్థుడును తెలిసికొనదగినది. పదుమూడేండ్ల బాలికపై అత్యాచారము జరిగెను. ఆమె సహాయమునకై వేసిన కేకలు, ఇరుగుపొరుగున మ్రోగుచున్న లౌడుస్పీకరు పాటలలో మునిగిపోయెను. ఆ సాయంకాలమే ఆమె నిప్పంటించుకొని మరణించెను. మాటలాడు హక్కు అందరికిని గలదుగాని, వినగోరనివానిచే బలవంతముగా వినిపించు హక్కు ఎవ్వరికిని లేదనియు, ప్రశాంతముగ జీవించుట జీవించుహక్కులో భాగమే యనియు ఆ తీర్పులో న్యాయస్థానము తేల్చెను. చప్పుడు వలన పోవునది నిదుర మాత్రమే యనువారు ఆ బాలిక కేకను తలచుకొందురుగాక.

అట్లయిన శాసన మేల నిద్రించుచున్నది? పోలీసుఠాణాకు పోయి ఫిర్యాదు చేయవలసినవారము మనము. రేపు మన యింటను పెండ్లి యున్నది; నేడు పొరుగువానిపై ఫిర్యాదు చేసినచో రేపు వాడు మనపై చేయును. ఈ పరస్పరభయమే మన వీధులలో అమలగుచున్న నిజమైన శాసనము. కావున సంస్కారము ఠాణాలో గాక మన గడపలో మొదలుపెట్టవలసియున్నది.

చేయవలసినవి కష్టమైనవి కావు. శుభలేఖలోనే “ఊరేగింపున డీజే లేదు, సన్నాయిమేళము గలదు” అని అచ్చువేయింపుడు, ఒక్కరు వేసిన పదిమందికి ధైర్యము వచ్చును. మూరెడు దూరమున నిలిచినవానితో మాటలాడుటకు కేకవేయవలసివచ్చినచో అచ్చట చప్పుడు హద్దు దాటినదని తెలిసికొని తొలగుడు. ఆరుబయట దూరము రెట్టింపైన చప్పుడు సుమారు ఆఱు డెసిబెలులు తగ్గును. తప్పక నిలువవలసినవారు మెత్తని చెవిబిరడాలను సన్నగా నలిపి, చెవిని పైకి లాగిపట్టి లోపల నుంచుకొనవలెను. దూది చాలదు. చంటిబిడ్డలను అట్టిచోటికి తీసికొనిపోనే రాదు. చెవిలో హోరు పుట్టినచో కొన్నిదినములు చెవికి విశ్రాంతి నిండు. హఠాత్తుగా వినికిడి తగ్గినచో ఆనాడే వైద్యుని చూడుడు. మేము చేసినట్లు నాలుగుదినములు గడపకుడు. చప్పుడులో పనిచేయువారు ఏటేట వినికిడి పరీక్ష చేయించుకొనుట మేలు.

ఇంటిలోపలి శత్రువును మరువరాదు. పిల్లలు సెల్లుఫోనునకు తగిలించి చెవిలో దూర్చుకొను పరికరములు లోకమునకు వినబడని డీజేలే. అసురక్షితముగ వినుటవలన నూఱుకోట్లకు పైబడిన యువజనులు అపాయములో నున్నారని ప్రపంచారోగ్యసంస్థ హెచ్చరించుచున్నది. 2019లో ఆ సంస్థ పెట్టిన హద్దు పెద్దలకు 80 డెసిబెలులు, పిల్లలకు 75. అదియును వారమునకు 40 గంటలు. బస్సులోను రైలులోను చుట్టుప్రక్కల చప్పుడును మించవలెనని ధ్వనిని పెంచుటయే పెద్దముప్పు. ధ్వనిని సగముకంటె కొంచెము పైగా నిలిపి, గంటకొకసారి తీసివేయు నలవాటు చేయుట తల్లిదండ్రుల పని.

రాబోవు మాఘమున మా యన్నగారి రెండవకుమార్తె వివాహము. ఈసారి డీజే వలదని నేనంటిని. పిల్లలు నాతో వాదింపలేదు. వారిలో నొకని చెవి వారికి తెలియును. ఆ వృద్ధుడైన సన్నాయివానికి కబురంపితిని, వచ్చెదనని చెప్పెను. నా కుమారుడు పందిరిలో కూర్చుండి ఆ సన్నాయిని వినును. దానితోపాటు కీచురాయిని సైతము వినును. సన్నాయి ముగియును. రెండవది ముగియదు, అది నేను సొమ్మిచ్చి వానికి కొనిపెట్టినది. చదువరులారా, నా బయానా తిరిగి రాదు. మీదింకను మీ చేతిలోనే యున్నది.